కేదార్‌కంఠకి సంచి సర్దే ముందు: మంచు కొండల్లో మొదటి ట్రెక్, నా అనుభవం

డిసెంబరు, జనవరిలో మంచు చూద్దామని హైదరాబాద్, విజయవాడల నుంచి బయలుదేరే కుర్రకారులో చాలామంది మొదటి ట్రెక్‌గా పెట్టుకునేది కేదార్‌కంఠ. ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో, గోవింద్ వన్యప్రాణి అభయారణ్యం పరిధిలో ఉంటుంది. శిఖరం ఎత్తు సుమారు 3,800 మీటర్లు. తాళ్లు పట్టుకుని ఎక్కాల్సిన చోట్లేమీ లేవు, అందుకే కొత్తవాళ్ల ట్రెక్ అని పేరు పడింది. దారి తేలికే. చలి, ఎత్తు మాత్రం తేలిక కాదు.

కొత్తవాళ్లు మొదట అడిగేది ఎలుగుబంట్ల గురించి, లోయల గురించి. నిజంగా మనుషుల్ని ఇబ్బందిలో పడేసేవి వేరు: తడిసిన బట్టలు, బయటికి చెప్పని తలనొప్పి, దాటిపోయిన వేళ, మార్చుకోలేని రిటర్న్ టికెట్. ఈ నాలుగింటికీ విరుగుడు చాలావరకు ఇంటి దగ్గరే ఉంది. నేను ఈ ట్రెక్‌కి సిద్ధమయ్యే వరుస ఇది. వెంట వచ్చే కొత్తవాళ్లతో చేయించేదీ ఇదే.

టికెట్లతోనే మొదలుపెడతాను. డెహ్రాడూన్ నుంచి, నడక మొదలయ్యే సాంక్రీ ఊరికి సుమారు 200 కిలోమీటర్లు. ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా కొండ రోడ్డు, ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. మంచు పడినా, కొండచరియ జారినా దారి మూసుకుపోతుంది. సాంక్రీ నుంచి దిగిన రోజు రాత్రికే డెహ్రాడూన్‌లో రైలో విమానమో పట్టుకునేలా టికెట్ తీసుకున్నవాళ్లకి కొండ మీద సరైన నిర్ణయం తీసుకునే వీలుండదు. వాతావరణం బాగాలేదు, ఒక రోజు ఆగుదాం అని గైడ్ అంటే వాళ్లకి గుర్తొచ్చేది టికెట్టే. అందుకని తిరుగు ప్రయాణానికి ముందు పూర్తిగా ఒక రోజు ఖాళీగా ఉంచుతాను. ఆ రోజు వాడుకోవాల్సిన పని పడకపోతే డెహ్రాడూన్‌లో పడుకుంటాం, పోయేదేం లేదు.

ఇంకో రాత్రి కూడా కలుపుతాను, అది ఎక్కే వైపు. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది, విజయవాడ అయితే ఇంచుమించు సముద్రమట్టమే. మామూలు షెడ్యూల్‌లో మొదటి రాత్రి సాంక్రీ (సుమారు 1,950 మీటర్లు), రెండో రాత్రి జూడా కా తాలాబ్ (2,750 పైన), మూడో రాత్రి బేస్ క్యాంప్ (3,400 దాటి), మర్నాడు తెల్లవారుజామున శిఖరం. కొండ వైద్యులు చెప్పే లెక్క ప్రకారం 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు. పగలు ఎంత ఎక్కామన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే లెక్క. ఈ షెడ్యూల్‌లో జూడా నుంచి బేస్ క్యాంప్‌కి పెరిగేది ఆ హద్దు కంటే ఎక్కువ. సాంక్రీలో గానీ, ఇంకా మేలు జూడాలో గానీ ఒక రాత్రి అదనంగా ఉంటే ఒంటికి తేరుకునే టైమ్ దొరుకుతుంది. ప్యాకేజీ వాళ్లు మొదట ఒప్పుకోకపోవచ్చు. నలుగురైదుగురు కలిసి అడిగితే కుదురుస్తారు.

ట్రెక్ నడిపేవాళ్లని డబ్బు కట్టకముందే కొన్ని అడగాలి. ఒక గైడ్‌కి ఎంతమంది? ఆక్సిజన్ సిలిండర్ ఏ క్యాంపులో ఉంటుంది, దాని మీటరు చివరిసారి ఎప్పుడు చూశారు? ప్రథమ చికిత్స శిక్షణ ఎవరికి ఉంది? అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి: ఒకరికి ఒంట్లో బాగాలేక దిగాల్సి వస్తే వాళ్ల వెంట ఎవరు వస్తారు? పదిహేనుమందికి ఒక్కడే గైడ్ అయితే ఆ ప్రశ్నకి జవాబు ఉండదు. అప్పుడు జబ్బుపడ్డ మనిషి టెంట్‌లో ఒంటరిగా పడి ఉండాలి, లేదా గుంపంతా దిగాలి. రెండోది జరగడం అరుదు. ఈ ఒక్క ప్రశ్నకి నీళ్లు నమిలేవాళ్లతో నేను వెళ్లను.

రక్తపోటు, ఉబ్బసం, గుండె జబ్బు, చక్కెర ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌తో మాట్లాడకుండా రాకూడదు. ఎత్తు జబ్బు (ఎత్తులో గాలి పల్చబడటం వల్ల వచ్చే తలనొప్పి, వికారం లాంటివి) రాకుండా వేసుకునే డయామాక్స్, అంటే అసిటజోలమైడ్ మాత్ర సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. ముందు జాగ్రత్తగా పెద్దవాళ్లకి సాధారణంగా రాసేది 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కడం మొదలుపెట్టే ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్‌కి ఆ మాట తప్పకుండా చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కినట్టు ఉండటం, మూత్రం ఎక్కువగా రావడం దాని మామూలు గుణాలే, కంగారుపడక్కర్లేదు. కర్పూరం వాసన చూస్తే ఎత్తు జబ్బు రాదని మనవాళ్లు చిన్న డబ్బా మెడలో కట్టుకుని వస్తుంటారు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది గానీ రక్తంలో ఆక్సిజన్ పెరగదు. దాన్ని నమ్ముకుని మిగతా జాగ్రత్తలు వదిలేయొద్దు.

కాళ్లు, ఊపిరి

ఎనిమిది వారాలు ముందు మొదలుపెడితే చాలు. మొదట చదునైన నేల మీద 5 కిలోమీటర్లు 45 నుంచి 50 నిమిషాల్లో, ఆయాసపడకుండా, మాట్లాడుతూ నడవగలగాలి. మూడో వారం నుంచి మెట్లు. అపార్ట్‌మెంట్‌లో పది అంతస్తులుంటే అవే చాలు. సంచిలో మొదట 5 కిలోలు, తర్వాత 8, చివరి రెండు వారాలు 10. నీళ్ల సీసాలతో బరువు పెడితే, మోకాలు నొప్పి అనిపించినప్పుడు పారబోసి తేలిక చేసుకోవచ్చు.

తిరుపతి దగ్గరవాళ్లకి అలిపిరి దారి ఉండనే ఉంది, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు అయితే 2,388. టీటీడీ పెట్టిన వేళలు చూసుకుని గుంపుగా వెళ్లండి. ఎక్కడం అందరూ చేస్తారు, తిరిగి వచ్చేటప్పుడు బస్సెక్కుతారు. ట్రెక్‌కి కావాల్సింది ఆ దిగడమే. కేదార్‌కంఠ శిఖరం రోజున ఒక్క పూటలో దాదాపు వెయ్యి మీటర్లు దిగాలి, మోకాళ్లు మొరాయించేది అక్కడే. తొడ ముందు కండ దిగుడుకి అలవాటు పడకపోతే మధ్యాహ్నానికి కాళ్లు వణుకుతాయి. వణికే కాళ్లే జారతాయి.

హైదరాబాద్ వాళ్లకి భువనగిరి కొండ మంచి చోటు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌ల శిక్షణ మొదలైంది ఆ రాతి మీదే. ఆ తర్వాత వాళ్లని డార్జిలింగ్‌కి, లద్దాఖ్‌కి తీసుకెళ్లి చలికి అలవాటు చేశారు. మన కొండలు కాళ్లకి బలం ఇస్తాయి. చలి నేర్పలేవు, ఎత్తు అసలే నేర్పలేవు. బాగా పరిగెత్తే కుర్రాళ్లకే ఎత్తు జబ్బు రావడం, పక్కనే నడివయసు మనిషి హాయిగా నడవడం అక్కడ మామూలు విషయం. ఫిట్‌గా ఉన్నవాళ్లు గబగబా ఎక్కేస్తారు, అదే వాళ్లకి చేటు.

ఒంటి మీద ఏముండాలి

కాటన్ బనియన్, జీన్స్ ఇంట్లో వదిలేయండి. నూలు బట్ట చెమటని పీల్చుకుని వదలదు. తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది, ఆ చలిలో రాత్రంతా ఆరబెట్టినా ఆరదు. ఒంటికి ఆనుకుని పాలియెస్టర్ లేదా మెరీనో ఉన్ని, దాని మీద ఫ్లీస్ (మెత్తటి నూగు బట్ట) చొక్కా, పైన గాలీ వానా చొరని జాకెట్. ఆగినప్పుడు, క్యాంపులో వేసుకోవడానికి ఈకలు నింపిన డౌన్ జాకెట్ విడిగా. నడుస్తున్నప్పుడు డౌన్ జాకెట్ వేసుకుంటే చెమటకి లోపలి ఈకలు ముద్దకట్టి వేడి నిలపలేవు. బయలుదేరేటప్పుడు కాస్త చలిగా ఉండటమే సరైన లెక్క, పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. టెంట్ ముందు వణుకుతున్నామని అన్నీ తొడుక్కుని బయలుదేరితే మొదటి మలుపు దాటేసరికి లోపలంతా తడి.

సాక్సులు నాలుగు జతలు. అందులో ఒక జత పడుకోవడానికి మాత్రమే, ఏం జరిగినా దాన్ని బూటులో పెట్టకూడదు. రాత్రి వేసుకునే పొడి థర్మల్ జతకీ ఇదే నియమం. చేతికి పల్చని గ్లవ్స్ ఒక జత, వాటి మీద తడవని మందపాటివి ఒక జత. ఒక గ్లవ్ గాలికి ఎగిరిపోతే ఆ చెయ్యి ఇక పనికిరాదు కాబట్టి పైవాటికి దారం కట్టి మణికట్టుకి తగిలించుకోవాలి.

బూట్లు సాయంత్రం కొనండి, నడిచి నడిచి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ట్రెక్‌లో వేసుకునే మందపాటి సాక్సుతోనే తొడిగి చూడాలి. లేసులు కట్టకుండా పాదాన్ని ముందుకి తోస్తే మడమ వెనక ఒక వేలు దూరే సందు ఉండాలి. తర్వాత లేసులు బిగించి, ఏటవాలు పలక మీద కిందికి దిగినట్టు నిలబడాలి, వేళ్లు ముందు తగలకూడదు. తగిలితే దిగే రోజున గోళ్లు నల్లబడతాయి. కొన్నాక కనీసం 40, 50 కిలోమీటర్లు నడిచి అలవాటు చేసుకోవాలి. జాకెట్, గెయిటర్లు (బూటులోకి మంచు పోకుండా పిక్కకి కట్టే తొడుగులు), మైక్రోస్పైక్స్ (మంచు మీద జారకుండా బూట్లకి తొడిగే ముళ్ల పట్టీలు) సాంక్రీలో అద్దెకి దొరుకుతాయి, ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. బూట్లు మాత్రం అద్దెకి వద్దు.

బొబ్బ లేచాక చేసే వైద్యం కంటే లేవకముందు చేసే పని తేలిక. మడమ దగ్గరో బొటనవేలి పక్కనో వేడిగా, రాసుకుంటున్నట్టు అనిపించిన క్షణంలోనే ఆగి, సాక్సు తీసి, తడి తుడిచి, ముడతలు లేకుండా టేప్ అంటించాలి. "తర్వాతి క్యాంపులో చూసుకుందాం" అంటే తర్వాతి క్యాంపుకి చర్మం లేచిపోయి ఉంటుంది.

స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు అంకెలు రాసి ఉంటాయి, కంఫర్ట్, లిమిట్. చూడాల్సింది కంఫర్ట్ అంకె. లిమిట్ అంటే ముడుచుకుని పడుకుంటే గట్టెక్కే చలి, హాయిగా నిద్రపట్టే చలి కాదు. డిసెంబరు, జనవరి రాత్రులకి మైనస్ 10 కంఫర్ట్ లెక్కలో చూసుకుంటాను. కింద పరుపు సన్నగా ఉంటే పైన ఎంత మంచి బ్యాగ్ ఉన్నా నేల వేడిని లాగేస్తుంది.

సంచి

టెంట్లు, వంట సామాను ట్రెక్ వాళ్లు మోసే పద్ధతిలో అయితే, మీ సంచి నీళ్లతో కలిపి 9, 10 కిలోలు దాటనక్కర్లేదు. అన్నీ మీరే మోసేటట్టయితే ఒంటి బరువులో అయిదో వంతు హద్దు, 65 కిలోల మనిషికి 13 కిలోలు. వంటింటి తూకం మీద ఒక్కో వస్తువు తూచి కాగితం మీద రాయడం నాకు అలవాటు. సంచి ఒకటిన్నర నుంచి రెండు కిలోలు, స్లీపింగ్ బ్యాగ్ ఒకటిన్నర, నీళ్లు రెండు. అప్పుడే సగం అయిపోయింది. మిగతా సగంలో సబ్బు డబ్బాలు, మూడో ప్యాంటు, స్పీకర్ ఎందుకు పట్టవో ఆ కాగితమే చెప్తుంది.

సంచి లోపల ముందుగా పెద్ద మందపాటి చెత్త కవరు పరవండి, సామానంతా అందులోకే. పైన కప్పే రెయిన్ కవర్ గాలికి లేచిపోతుంది, వీపు వైపు నుంచి వచ్చే తడిని అది ఆపలేదు. అడుగున స్లీపింగ్ బ్యాగ్, రాత్రి బట్టలు. మధ్యలో వెన్నుకి ఆనుకుని బరువైనవి. పైన వాన జాకెట్, గ్లవ్స్, మందుల సంచి. నడుం పట్టీ జేబులో హెడ్‌ల్యాంప్, టేప్, చిక్కీ. విజిల్ భుజం పట్టీకి కట్టి ఉండాలి, సంచి అడుగున కాదు.

తగిలించుకునేటప్పుడు వరుస ఉంది. పట్టీలన్నీ వదులు చేసి, మొదట నడుం పట్టీ. అది పొట్ట మీద కాదు, తుంటి ఎముకల అంచు మీద కూర్చోవాలి. తర్వాత భుజం పట్టీలు, ఆ పైన భుజం మీద ఉండే చిన్న లాగుడు పట్టీలు, చివర ఛాతీ పట్టీ. బరువులో ఎక్కువ భాగం నడుం మోయాలి. భుజాలు నొప్పి పెడుతున్నాయంటే నడుం పట్టీ జారిందని అర్థం.

తిండి విషయంలో మన ఇళ్లలోనే మంచి సరుకు ఉంది. పల్లీ చిక్కీ, సున్నుండలు, ఖర్జూరం, వేయించిన పల్లీలు. వంద గ్రాముల పల్లీల్లోనే 560 కేలరీల పైచిలుకు ఉంటుంది. ఎత్తులో ఆకలి మందగిస్తుంది కాబట్టి గంట గంటకీ రెండు ముక్కలు నోట్లో వేసుకోవాలి. గడ్డకట్టిన చాక్లెట్ బార్ పంటికి రాయిలా తగులుతుంది. సున్నుండ ఆ చలిలో కూడా కొరకొచ్చు.

విమానంలో వెళ్లేవాళ్లు గమనించాల్సినవి: పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే, చెకిన్‌లో పెట్టకూడదు. 20,000 ఎంఏహెచ్ వరకు ఇబ్బంది ఉండదు. నడక కర్రలు చెకిన్‌లో. లైటర్, అగ్గిపెట్టె, గ్యాస్ డబ్బా ఎందులోనూ వద్దు, అక్కడే కొనుక్కోవాలి. అమెరికా నుంచి సెలవులకి వచ్చే మన పిల్లలకి ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ కొండలకి వెళ్లేటప్పుడు తీసుకెళ్లే శాటిలైట్ మెసెంజర్, శాటిలైట్ ఫోన్ మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా చట్టవిరుద్ధం. విమానాశ్రయంలోనే పట్టుకుంటారు, కేసు అవుతుంది. తీసుకురావద్దు.

ఆ సాధనం లేదు కాబట్టి కాగితమే ఆధారం. బయలుదేరే ముందు ఇంట్లో ఒకరికి ఒక పేజీ రాసి ఇస్తాను: ఏ రోజు ఏ క్యాంపు, గైడ్ ఫోన్, ట్రెక్ నడిపేవాళ్ల ఆఫీసు ఫోన్, వెంట ఉన్నవాళ్ల పేర్లు, వాళ్ల ఇళ్ల నంబర్లు, బ్లడ్ గ్రూపులు. ఏ తేదీ ఎన్ని గంటల వరకు ఫోన్ రాకపోయినా కంగారుపడొద్దో, ఏ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులో ఉంటుంది. ఆ గంట రాయకపోతే ఇంట్లోవాళ్లు మొదటి రాత్రే హడలిపోతారు, లేదంటే రెండు రోజులు ఊరుకుంటారు. బీమా తీసుకుంటే ట్రెక్కింగ్‌కి, అదీ ఏ ఎత్తు వరకు వర్తిస్తుందో పాలసీలో చదవండి. మామూలు ప్రయాణ బీమాలో చాలాసార్లు అది ఉండదు.

కొండ మీద

సాంక్రీలో గది చల్లగా ఉందని బొగ్గుల అంగీఠీ, అంటే కుంపటి అడుగుతారు. తలుపులు మూసి దాని పక్కన పడుకోవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. టెంట్‌లో స్టవ్ వెలిగించడం కూడా అంతే. ఇందులో మినహాయింపులు లేవు.

నీళ్లు రోజుకి మూడు నాలుగు లీటర్లు. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా మరిగించాలి. 2,000 మీటర్ల పైన తెర్లడం మొదలయ్యాక మూడు నిమిషాలు ఉంచడం పద్ధతి, ఎందుకంటే ఆ ఎత్తులో నీళ్లు 100 డిగ్రీల కంటే తక్కువ వేడికే మరుగుతాయి. క్లోరిన్ మాత్ర వేస్తే అరగంట ఆగాలి, నీళ్లు మంచులా ఉంటే ఇంకా ఎక్కువ సేపు. సన్నని గొట్టాల ఫిల్టర్ తెచ్చుకునేవాళ్లు రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోవాలి. ఒక్కసారి గడ్డకడితే లోపల గొట్టాలు చిట్లుతాయి, పైకి ఏమీ కనిపించదు, నీళ్లు మామూలుగానే వస్తాయి, క్రిములు కూడా వస్తాయి. పైపుతో తాగే నీళ్ల సంచులు ఉదయానికే పైపులో గడ్డకడతాయి, సీసాలే మేలు. సీసాని సంచి పక్క జేబులో తలకిందులుగా పెట్టండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు నీళ్లుగానే ఉంటాయి.

రాత్రి క్యాంపు చేరగానే మొదటి పని తడి బట్టలు మార్చడం, టీ ఆ తర్వాతే. పడుకునే ముందు వేడి నీళ్ల సీసాని సాక్సులో తొడిగి కాళ్ల దగ్గర పెట్టుకుంటే బ్యాగ్ వెచ్చబడుతుంది, తెల్లారి తాగడానికి నీళ్లూ ఉంటాయి. ఫోన్, పవర్ బ్యాంక్, హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు కూడా బ్యాగ్ లోపలికే. మూత్రం వస్తే బద్ధకించి ఆపుకోవద్దు, ఆపుకున్నంతసేపూ నిద్ర పట్టదు. మద్యం, నిద్రమాత్రలు అసలు వద్దు, రెండూ నిద్రలో ఊపిరిని మందగింపజేస్తాయి.

ఇక ఎత్తు జబ్బు. ఇది 2,500 మీటర్ల పైన ఎవరికైనా రావచ్చు, చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలవుతుంది. తలనొప్పి, దానితోపాటు వికారం, తల తిరగడం, విపరీతమైన నీరసం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వేరే కారణం తేలేదాకా ఎత్తు జబ్బే అనుకోవాలి. "ఎండ తగిలింది", "టీ పడలేదు", "నిద్ర చాల్లేదు" అని సర్దిచెప్పుకోవడం మొదలైందంటే ప్రమాదం మొదలైనట్టే. ఆ మనిషి ఇంకొక్క అడుగు పైకి వెయ్యకూడదు. విశ్రాంతి, నీళ్లు, పారాసిటమాల్. తెల్లారేసరికి తగ్గకపోతే కిందికి.

అసలు చిక్కు ఎక్కడంటే జనం చెప్పరు. డబ్బు కట్టారు, లీవు పెట్టారు, తన వల్ల మిగతావాళ్ల ట్రెక్ ఆగిపోతుందని మొహమాటం. రాత్రి భోజనం దగ్గర "అందరూ బాగున్నారా" అని గుంపుగా అడిగితే అందరూ బాగున్నామనే అంటారు. ఒక్కొక్కరిని పక్కకి పిలిచి విడివిడిగా అడగాలి: తలనొప్పి ఉందా, అన్నం తిన్నావా, వాంతి వస్తున్నట్టుందా, మూత్రం ఎన్నిసార్లు వచ్చింది? గైడ్ అడగకపోతే మీలో ఒకరు ఆ పని నెత్తిన వేసుకోండి. తమ్ముడో చెల్లో మన మాట విని నోరు విప్పితే రాత్రికి రాత్రి ముదిరే జబ్బు సాయంత్రమే బయటపడుతుంది.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ తీసుకెళ్లొచ్చు, కానీ చల్లబడ్డ వేలు, గోళ్ల రంగు తప్పుడు అంకె చూపిస్తాయి. చెయ్యి వెచ్చబెట్టి, నిమిషంపాటు కదలకుండా ఉంచి చూడాలి. అంకె బాగుండి మనిషి బాగాలేకపోతే మనిషినే నమ్మండి.

ముదిరిన గుర్తులు రెండు రకాలు. నేల మీద గీత గీసి, ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనిస్తూ పది అడుగులు వెయ్యమనండి. తూలితే, మాట తడబడితే, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్తే మెదడు వాస్తోంది. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగతో గులాబీ రంగు కళ్లె అయితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. రెండింటికీ మందు ఒక్కటే, కిందికి దించడం. అర్ధరాత్రి అయినా, మంచు పడుతున్నా దీపాలు పెట్టుకుని, తోడుతో దించాలి. 300 మీటర్లు దిగినా తేడా కనిపించొచ్చు, అది చాలకపోతే వెయ్యి మీటర్ల దాకా. ఆక్సిజన్ ఉంటే దారంతా పెట్టాలి, అది దిగడానికి బదులు కాదు.

శిఖరం రోజు

తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య బయలుదేరతారు. అంత పెందలాడే వెళ్లడం సూర్యోదయం ఫొటో కోసమని కొత్తవాళ్లు అనుకుంటారు. పొద్దెక్కాక మంచు మెత్తబడి కాలు దిగబడుతుంది, మధ్యాహ్నం తర్వాత మబ్బు కమ్మేది ఎక్కువ. అందుకే బయలుదేరకముందే వెనక్కి తిరిగే వేళ పెట్టుకోవాలి. నేను పెట్టుకునేది ఉదయం 9.30. ఆ వేళకి శిఖరం వంద మీటర్ల దూరంలో కనిపిస్తున్నా వెనక్కే. ఆ నిర్ణయం పైన తీసుకోవడం కష్టం, ఆయాసంలో, ఆశలో లెక్కలు మారిపోతాయి. కిందే అందరి ముందూ అనుకుంటే పైన వాదన ఉండదు.

మంచు నుంచి తిరిగి కొట్టే ఎండ కళ్లని కాల్చేస్తుంది. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి పంపుతుంది. అప్పటికప్పుడు ఏమీ తెలియదు, ఆరు గంటలు పోయాక కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. కేటగిరీ 3 లేదా 4 అని రాసి ఉన్న, పక్కలు మూసిన అద్దాలు కావాలి. మబ్బు రోజున కూడా తీయొద్దు.

గట్టి మంచు మీద మైక్రోస్పైక్స్ పాదం మొత్తం ఆన్చి నడవాలి, వేళ్ల మీద కాదు. అడుగున మంచు ముద్దకడితే కర్రతో తట్టి రాల్చాలి. దిగేటప్పుడు అందరూ కూర్చుని జారుతూ కేరింతలు కొడతారు. మైక్రోస్పైక్స్ కాళ్లకి ఉండగా ఎప్పుడూ జారొద్దు. ఒక్క ముల్లు మంచులో దిగబడితే ఒళ్లు ముందుకి పోతుంది, చీలమండ అక్కడే ఆగిపోతుంది. ఆ ఎముక విరిగితే మోసుకుని దింపాలి. గంటల పని.

2024 జూన్ మొదటి వారంలో, అదే ఉత్తరకాశీ జిల్లాలోని సహస్రతాల్ దారిలో 22 మంది బృందం మంచు తుపానులో చిక్కుకుంది, తొమ్మిది మంది చనిపోయారు. ఎండాకాలమే, నాలుగు వేల మీటర్లు దాటిన ఎత్తు. చలి దెబ్బ నెల చూసి రాదు. దాని గుర్తులు తెలిసి ఉండాలి. మొదట వణుకు, తర్వాత జిప్పు వేసుకోలేకపోవడం, మాట ముద్దగా రావడం, కాలు తడబడటం. వణుకు ఆగిపోయిందంటే తగ్గిందని కాదు, ఒంట్లో శక్తి అయిపోయిందని. గాలి తగలని చోట సంచి మీద కూర్చోబెట్టి, తడి బట్టలు తీసి, పొడివి తొడిగి, స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టాలి. మింగగలిగితే తియ్యటి వేడి నీళ్లు. వేడి సీసాలు గుడ్డలో చుట్టి చంకల్లో, గజ్జల్లో. చేతులూ కాళ్లూ రుద్దొద్దు, బ్రాందీ పొయ్యొద్దు, తెలివి తప్పుతున్న మనిషిని బలవంతంగా నడిపించొద్దు.

గుంపు నుంచి విడిపోతే వెతుక్కుంటూ పోకుండా అక్కడే ఆగాలి. విజిల్ నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. జవాబు నిమిషానికి మూడు ఊదులుగా వస్తుంది. ఫోన్ మొదటి నుంచీ ఫ్లైట్ మోడ్‌లో ఉంటే బ్యాటరీ మిగులుతుంది, ముందే దించుకున్న మ్యాప్‌లో మొబైల్ సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. అత్యవసర నంబర్ 112. కాల్ కలవని చోట కూడా ఎస్సెమ్మెస్ ఒక్కోసారి పోతుంది. అందులో చోటు, వేళ, ఎంతమంది, ఏమైంది, ఇవి నాలుగూ ఒకేసారి రాయండి.

దిగి సాంక్రీ చేరాక ముందు కాగితం ఇచ్చిన మనిషికి ఫోన్ చేయాలి, ఫొటోలు తర్వాత. అక్కడి నుంచి రాత్రిపూట కారు ప్రయాణం ఒప్పుకోకండి, ఆ రోజంతా నడిచిన మీకే కాదు, పొద్దుటి నుంచి ఎదురుచూసిన డ్రైవర్‌కీ నిద్ర వస్తుంది. తెల్లారే బయలుదేరితే సాయంత్రానికి డెహ్రాడూన్. ఇంటికి వచ్చాక స్లీపింగ్ బ్యాగ్ విప్పి రెండు రోజులు నీడలో ఆరబెట్టి, చిన్న సంచిలో కుక్కకుండా వదులుగా వేలాడదీయండి. హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు తీసేయండి. మందుల సంచిలో వాడినవి ఏవో, తేదీ దాటబోయేవి ఏవో రాసి మూత మీద అంటించండి.